వయసు మళ్ళిన రౌతులు, వారి గుర్రాలు, జరిగే ప్రమాదాలు

గుర్రపుస్వారీలో ప్రమాదం అనగానే చాలామంది దౌడు తీస్తున్న గుర్రాన్నీ, ఎత్తైన అడ్డంకి మీదుగా దూకబోయి కింద పడిన యువకుడినీ ఊహించుకుంటారు. యాభై అయిదో, అరవయ్యో దాటిన రౌతుల విషయంలో నేను చూసినవి, తోటివారి నోట విన్నవి దాదాపు అన్నీ ఇందుకు భిన్నంగా ఉన్నాయి. రికాబులో కాలు పెట్టి పైకి లేస్తుండగా జీను పక్కకు జారిపోవడం, దిగుతున్నప్పుడు బూటు గుర్రం పిరుదుకు తగలడం, గేటు దగ్గర గుర్రాన్ని వదులుతుండగా అది గిరుక్కున తిరిగి కాళ్ళు విసరడం, మేత బకెట్టు పట్టుకొని రెండు గుర్రాల మధ్యకు వెళ్ళడం వంటి చిన్న సందర్భాలలోనే మణికట్లూ, పక్కటెముకలూ, తుంటి ఎముకలూ విరుగుతున్నాయి. వీటిలో చాలా వాటికి నైపుణ్యం లేకపోవడం కారణం కాదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిని ముప్పై ఏళ్ళ కిందటి శరీరంతోనే చేస్తున్నట్టు భావించడం కారణం. ఆ పనులు చేసే తీరును, వాటి వరుసను మార్చుకుంటే స్వారీ మానవలసిన అవసరం చాలా ఏళ్ళ పాటు రాదన్నది నా గట్టి నమ్మకం.

గుర్రం మారలేదు. సగటు స్వారీ గుర్రం బరువు ఇప్పటికీ 450 నుంచి 550 కిలోల దాకా ఉంటుంది, దాని స్వభావం ఇప్పటికీ వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జంతువు స్వభావమే. మారింది మన శరీరం. పదహారు చేతుల గుర్రం, అంటే భుజాల దగ్గర సుమారు 163 సెంటీమీటర్ల ఎత్తున్న గుర్రం మీద కూర్చున్నప్పుడు మన తల నేలకు దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి తల నేలను తాకేసరికి వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరుతుంది, గుర్రం కదలకుండా నిలబడి ఉన్నా సరే. ఇరవై ఏళ్ళ వాడు ఆ పాటులో దొర్లి లేచి దుమ్ము దులుపుకుంటాడు. అరవై ఏళ్ళ మనిషికి దొర్లే చురుకుదనం తగ్గి ఉంటుంది, చెయ్యి చాపి ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది, ఎముకల సాంద్రత తగ్గిన స్త్రీలకైతే చిన్న పాటే పెద్ద శస్త్రచికిత్సకు దారి తీయవచ్చు. మెనోపాజ్ తరువాత స్వారీ కొనసాగిస్తున్న ప్రతి స్త్రీ ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష చేయించుకొని తన ఎముకల స్థితి ఏమిటో తెలుసుకున్నాకే ఎలాంటి గుర్రం, ఎంత స్వారీ అన్నది నిర్ణయించుకోవాలని నేను అడిగిన వారికీ అడగని వారికీ చెబుతూ ఉంటాను. పక్కటెముకలు విరిగిన సంగతిని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. నొప్పి వల్ల లోతుగా ఊపిరి తీయలేక, దగ్గలేక, పెద్దవయసు వారిలో అది న్యుమోనియాగా మారే ప్రమాదం ఉంది.

మందుల గురించి కొంచెం ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే లాయంలో ఈ మాట ఎవరూ ఎత్తరు. ఈ వయసులో చాలామంది గుండె కోసమో, పక్షవాతం రాకుండా ఉండేందుకో వార్ఫారిన్, అపిక్సాబాన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతుంటారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈ మందులు వేసుకునే వారికి తలకు దెబ్బ తగిలితే లోపలి రక్తస్రావం సులువుగా ఆగదు. పైగా వయసుతో మెదడు కొద్దిగా కుంచించుకుపోవడం వల్ల దాని ఉపరితలం నుంచి పైపొరలకు వెళ్ళే సన్నని సిరలు సాగి ఉంటాయి, చిన్న కుదుపుకే చిట్లగలవు. అలా కారిన రక్తం మెల్లగా పేరుకొని, రోజుల తరువాత, ఒక్కోసారి వారాల తరువాత, తలనొప్పిగా, మతిమరుపుగా, మగతగా, ఒక పక్క కాలూ చెయ్యీ బలహీనపడటంగా బయటపడుతుంది. కాబట్టి ఈ మందులు వాడేవారు పడి తల తగిలించుకుంటే, ఆ క్షణంలో ఎంత బాగా ఉన్నట్టు అనిపించినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి మందు పేరు చెప్పి పరీక్ష చేయించుకోవాలి. "బాగానే ఉన్నాను, గుర్రానికి నీళ్ళు పెట్టి ఇంటికి వెళతాను" అనే రౌతును ఒంటరిగా పంపకూడదు. రక్తపోటు మందులు వాడేవారు ఇంకొక విషయం గమనించాలి. వంగి గిట్టలు శుభ్రం చేసి ఒక్కసారిగా లేచినప్పుడు కళ్ళు తిరిగితే, ఆ కళ్ళు తిరగడం గుర్రం కాళ్ళ పక్కనే జరుగుతుంది.

ఇక ఎక్కడం. నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి లేవడం రౌతు పౌరుషానికి గుర్తు అన్న భావన ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఎంత త్వరగా వదులుకుంటే అంత మంచిది. అలా ఎక్కేటప్పుడు మన బరువంతా జీనును ఎడమవైపుకు లాగుతుంది, గుర్రం వెన్నును మెలిపెడుతుంది, మన మోకాలినీ తుంటినీ అవి సహజంగా తిరగని కోణంలో తిప్పుతుంది. మౌంటింగ్ బ్లాక్, అంటే గుర్రం ఎక్కేందుకు పక్కన పెట్టుకునే మెట్ల దిమ్మ, వాడటం గుర్రానికీ మేలే. అది రెండు మెట్లకు బదులు మూడు మెట్లు ఉండి, పై మెట్టు రెండు పాదాలూ పట్టేంత వెడల్పుగా ఉండి, ఎక్కితే ఊగకుండా ఉండాలి. బోర్లించిన బకెట్టు, ప్లాస్టిక్ స్టూలు, కంచె కమ్మీ ఆ పనికి రావు. జీను పట్టీ బిగించేటప్పుడు చాలా గుర్రాలు ఛాతీ పొంగిస్తాయి, కాసేపటికి ఆ పట్టీ వదులవుతుంది. అందుకే ఒకసారి బిగించి, నాలుగడుగులు నడిపించి, ఎక్కబోయే ముందు మళ్ళీ చూసి, ఎక్కాక కొద్దిసేపు నడిచి మరోసారి చూడటం అలవాటు కావాలి. జీను జారి పడిన రౌతుల కథల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పకుండా లోపించి ఉంటుంది.

ఎక్కేటప్పుడు గుర్రం కదలకుండా నిలబడటం అన్నది నా దృష్టిలో వయసు మళ్ళిన రౌతు గుర్రానికి ఉండవలసిన మొదటి సుగుణం. అందంగా తిరగడం, చక్కగా దూకడం అన్నీ దాని తరువాతే. కాలు ఇంకా గాలిలో ఉండగా ముందుకు నడిచే గుర్రం మీద యువకుడు ఎలాగో సర్దుకుంటాడు. తుంటి బిగుసుకుపోయిన మనిషి కుడికాలిని పూర్తిగా పైకి ఎత్తలేక గుర్రం పిరుదును తన్నుతాడు, ఉలిక్కిపడిన గుర్రం ముందుకు దూకుతుంది, రౌతు వెనక్కి పడతాడు. ఈ వరుసను నేను ఇంతమంది నోట విన్నాక, తుంటి కీలు మార్పిడి జరిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే సలహా ఇస్తున్నాను. శస్త్రచికిత్స చేసిన వైద్యుడి అనుమతి రావడం ఒక్కటే సరిపోదు. ఏ కదలికలు ఆ కీలును స్థానం తప్పించగలవో ఆయనను అడిగి తెలుసుకోండి, కాలు ఎత్తే తీరును గుర్రం లేకుండా జీను మోసే దిమ్మ మీద సాధన చేయండి, తరువాతే గుర్రం దగ్గరికి వెళ్ళండి. గుర్రాన్ని నిలబెట్టడం నేర్పించాలంటే ఓపిక కావాలి. బ్లాకు దగ్గర నిలబడటం, ఎక్కడం, ఎక్కాక కూడా కాసేపు కదలకుండా ఉండటం, ఆ తరువాతే అడుగు వేయడం అన్న వరుసను ప్రతిసారీ తప్పకుండా పాటిస్తే చాలా గుర్రాలు నేర్చుకుంటాయి.

దిగడం ఇంకా ప్రమాదకరమని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి మనం అలసి ఉంటాం, స్వారీ అయిపోయిందని మనసు ఏమరుపాటులో పడుతుంది. రెండు పాదాలనూ ముందే రికాబుల నుంచి తీసేసి, కుడికాలు బాగా ఎత్తి, గుర్రం వైపు ముఖం పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి దిగాలి. ఒక పాదం రికాబులో ఉంచుకొని మరొకటి నేలకు దించే పద్ధతిలో గుర్రం కదిలితే పాదం చిక్కుకుంటుంది. దూరానికీ దగ్గరికీ కలిపి చేసిన కళ్ళద్దాలు పెట్టుకున్నవారికి కిందికి చూసినప్పుడు నేల మసకగా, అసలు ఉన్నచోటు కంటే వేరుగా కనిపిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దిగేందుకు కూడా బ్లాకు వాడవచ్చు, వాడటంలో చిన్నతనం ఏమీ లేదు.

స్వారీ చేయని వేళ జరిగే ప్రమాదాలకు ప్రపంచమంతా గమనించిన ఉదాహరణ ఒకటి ఉంది. బ్రిటన్ రాకుమారి ఆన్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీ పోటీలలో పాల్గొన్న వ్యక్తి, పసితనం నుంచీ గుర్రాల మధ్యే పెరిగిన వ్యక్తి. 2024 జూన్‌లో, 73 ఏళ్ళ వయసులో, తన ఎస్టేటులో గుర్రాల దగ్గర ఉండగా తలకు దెబ్బ తగిలి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. గుర్రం తలో కాళ్ళో తగిలి ఉంటుందని వైద్యులు భావించారు. జరిగింది ఆమెకే గుర్తులేదు. అంతటి అనుభవం ఉన్నవారికే ఇలా జరిగిందంటే, గుర్రం పక్కన నేల మీద గడిపే సమయాన్ని విశ్రాంతి సమయంగా లెక్కించకూడదని తెలుస్తోంది. గుర్రాన్ని నడిపించేటప్పుడు, వదిలేటప్పుడు, గిట్టలు చూసేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకోవడం అతి జాగ్రత్త కాదు.

గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, కానీ సరిగ్గా తోక వెనుకా, నుదుటికి మరీ దగ్గరగా ముందూ ఏమీ కనిపించదు. పైగా అది నిలబడే కునుకు తీస్తుంది. కళ్ళు సగం మూసి ఒక వెనుక గిట్ట వాల్చి నిలబడిన గుర్రం దగ్గరికి వెళ్ళే ముందు పేరు పెట్టి పిలిచి, చెవి మన వైపు తిరిగాకే అడుగు వేయాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు, మడతలు మడతలుగా పెట్టి పట్టుకోవాలి. బెదిరిన గుర్రం ఒక్క విదిలింపుతో చుట్టుకున్న తాడులోని వేలిని తెంపేయగలదు. మైదానంలోకి వదిలేటప్పుడు గేటు దాటగానే గుర్రాన్ని మన వైపుకు, గేటు వైపుకు పూర్తిగా తిప్పి, మనం గేటు పక్కన ఉండగా హాల్టర్ (తాడు కట్టే తలపట్టీ) తీయాలి. అప్పుడు అది సంతోషంతో కాళ్ళు విసిరినా ఆ కాళ్ళు మనకు దూరంగా ఉంటాయి. ట్రైలరులోకి ఎక్కించేటప్పుడు వెనుక కడ్డీ వేశాకే ముందు తాడు కట్టాలి, దించేటప్పుడు ముందు తాడు విప్పాకే వెనుక కడ్డీ తీయాలి. ఈ క్రమం తప్పితే, తల కట్టి ఉండి వెనుక దారి తెరిచి ఉన్న గుర్రం వెనక్కి లాగి, తాడు బిగిసి, భయంతో పెనుగులాడుతుంది. ఆ పెనుగులాట మధ్యలో తాడు విప్పబోయే చెయ్యి సాధారణంగా పెద్దవయసు యజమానిదే. గడ్డి మోపులు మోయడం, తడిసిన బురదలో చక్రాల బండి తోయడం గురించి ఇక్కడ విస్తరించి రాయను. ఇరవై కిలోల మోపును రెండు భాగాలుగా విడదీసి మోయమని మాత్రం చెబుతాను.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మనవాళ్ళు అన్నది ఈ నేల మీది ప్రవర్తనకు బాగా వర్తిస్తుంది. ముసలితనంలో గుర్రం మీద మమకారం పెరుగుతుంది, అది సహజం. భుజంతో తోసినా, జేబులు వెతికినా, మేత వేళకు మీదికి వచ్చినా ముద్దుచేసి ఊరుకుంటాం. ఆ తోపుకు మన కాళ్ళు తట్టుకున్నంత కాలం అది ముద్దుగానే ఉంటుంది. తూలి పడిన రోజున అర టన్ను జంతువు మనకు జాగా ఇవ్వడం ఎప్పుడూ నేర్చుకోలేదని తెలుస్తుంది. మన పరిధిలోకి పిలవకుండా రాకూడదని గుర్రానికి నేర్పడం కఠినత్వం కాదు. దానికి ఒక స్పష్టమైన నియమం ఉండటం వల్ల దాని మనసు కూడా నెమ్మదిస్తుంది.

రక్షణ సామగ్రి విషయంలో నాకు రాజీ లేదు. హెల్మెట్ లోపలి నురుగు ఒకసారి నలిగితే మళ్ళీ కోలుకోదు, కాబట్టి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి బాగానే ఉన్నా మార్చివేయాలి. గాలితో ఉబ్బే రక్షణ కోటు మంచిదే, కానీ చాలా కోట్లలో దాన్ని ఉబ్బించే తీగ జీనుకు తగిలించి ఉంటుంది. దిగే ముందు తీగ విప్పడం మరిచిపోతే అది పెద్ద చప్పుడుతో గుర్రం పక్కనే ఉబ్బుతుంది, అప్పుడు రక్షణ కోసం తొడుక్కున్నదే గుర్రం బెదరడానికి కారణమవుతుంది. అందుకే కోటు కొన్నవారు గుర్రానికి ఆ చప్పుడును దూరం నుంచి మెల్లగా అలవాటు చేయాలి. పడినప్పుడు పాదాన్ని విడిచిపెట్టే రికాబులు, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. ఫోను ఒంటి మీద ఉండాలి, జీను సంచిలో కాదు. పడిపోయిన మనిషిని వదిలి గుర్రం లాయానికి చేరుకుంటే ఫోను కూడా దానితో పాటే వెళ్ళిపోతుంది.

ఇప్పటి వరకు చెప్పిన జాగ్రత్తలన్నీ తగని గుర్రం దగ్గర వృథా అవుతాయి. పిల్లలు పెద్దవారై, ఉద్యోగ బాధ్యతలు తగ్గి, చిన్నప్పటి కోరిక తీర్చుకునే స్తోమత వచ్చిన మనిషి కొనే మొదటి గుర్రం తరచుగా నాలుగైదేళ్ళ అందమైన గుర్రం. దానికి అనుభవం లేదు, రౌతుకు అలవాటు తప్పింది. నా సలహా పన్నెండు ఏళ్ళు దాటిన, ఎన్నో రకాల మనుషులను మోసిన, అవసరమైనంత కంటే ఒక్క అంగుళం కూడా ఎక్కువ ఎత్తు లేని గుర్రం. ఎలిజబెత్ రాణి 2020లో, 94 ఏళ్ళ వయసులో స్వారీ చేస్తున్న ఫొటోలు వచ్చినప్పుడు ఆమె కూర్చున్నది ఒక ఫెల్ పోనీ మీద. ఆ జాతి పద్నాలుగు చేతులకు, అంటే సుమారు 142 సెంటీమీటర్లకు మించి పెరగదు, బలమైనది. ఆ ఎంపికలోని వివేకాన్ని అందరూ అనుకరించాలి, హెల్మెట్‌కు బదులు తలకు రుమాలు కట్టుకోవడాన్ని మాత్రం అనుకరించకూడదు. పొట్టి గుర్రం అన్నాక బరువు కూడా చూసుకోవాలి. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతుకు మించకుండా ఉండటం సాధారణంగా పాటించే హద్దు, వయసు మళ్ళిన గుర్రానికి అంతకంటే తక్కువే మేలు.

కొనేందుకు వెళ్ళినప్పుడు గుర్రం అప్పటికే జీను వేసి, చెమటతో సిద్ధంగా ఉంటే ఇంకొక రోజు వస్తానని చెప్పి వెనుదిరగండి. మైదానంలో దాన్ని పట్టుకోవడం నుంచి చూడాలి, అమ్మేవారు ముందు ఎక్కి చూపించాలి, తోటి గుర్రాల నుంచి దూరంగా ఒంటరిగా వెళుతుందో లేదో చూడాలి. మన పశువైద్యుడితో పరీక్ష చేయించి, మత్తుమందులూ నొప్పి మందులూ ఇచ్చారేమో తేల్చుకోవడానికి వీలుగా రక్తం నమూనా తీసి భద్రపరచమనాలి. కొన్నాక చేసే పెద్ద పొరపాటు మేత. వారానికి రెండుసార్లు నడకకు వెళ్ళే గుర్రానికి పందెపు గుర్రానికి పెట్టినట్టు గింజలు పెడితే ఆ శక్తి ఎక్కడో బయటపడాలి, అది మన నడుము కింద బయటపడుతుంది. శక్తిగా బయటపడకపోతే కొవ్వుగా మారి, గిట్టల లోపలి పొరలు వాచే లామినైటిస్‌కు దారి తీస్తుంది, గుర్రం నడవలేని స్థితికి వస్తుంది. నాణ్యమైన ఎండుగడ్డి, ఉప్పు, నీళ్ళు, రోజంతా తిరిగే జాగా ఉంటే అలాంటి గుర్రాలలో చాలావాటికి గింజల అవసరమే ఉండదు.

ఒకసారి పడ్డాక వచ్చే భయం గురించి తోటి రౌతులు సిగ్గుపడుతూ మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది. ఈ వయసులో భయం అబద్ధం చెప్పదు, శరీరానికి నిజంగానే కోలుకునే శక్తి తగ్గిందని చెబుతోంది. కానీ భయపడిన శరీరం ఊపిరి బిగబట్టి, ముందుకు వంగి, కాళ్ళతో గుర్రాన్ని బిగిస్తుంది. ముందుకు పొమ్మని గుర్రం నేర్చుకున్న సంకేతం కూడా అదే. మంచి శిక్షకుడి పక్కన, కంచె ఉన్న ఆవరణలో, నడకతో మొదలుపెట్టి, ఒక పగ్గంతో గుర్రం తలను పక్కకు వంచి దాన్ని ఆపడం మళ్ళీ సాధన చేస్తే ధైర్యం తిరిగి వస్తుంది. గుర్రం మీద లేని రోజుల్లో ఒంటికాలి మీద నిలబడటం, నడుము కండరాలను బలపరచడం వంటి వ్యాయామాలు చేసేవారికీ చేయనివారికీ తేడా జీనులో స్పష్టంగా కనిపిస్తుంది. జపాన్ రౌతు హిరోషి హోకెత్సు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొని, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 71 ఏళ్ళ వయసులో డ్రెస్సాజ్ (గుర్రం నడకల, కదలికల పొందికను చూసే) పోటీలో నిలబడ్డారు. అందరమూ ఆయన కాలేము, కానీ వయసు సంఖ్యను చూసి ఎవరినీ జీను దింపకూడదని ఆయనను చూశాక నాకు గట్టిగా అనిపించింది.

చివరగా, యజమానులు వాయిదా వేస్తూ పోయే పని ఒకటి ఉంది. గుర్రం 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. అరవై అయిదేళ్ళ వయసులో అయిదేళ్ళ గుర్రాన్ని కొన్నవారు తమకు ఎనభై అయిదు వచ్చే దాకా దాని భారం ఎవరిదో ఆలోచించి ఉండాలి. ఈ లెక్క వేయకపోవడం వల్ల, తుంటి విరిగి యజమాని ఆసుపత్రిలో ఉండగా, గుర్రాల గురించి ఏమీ తెలియని పిల్లలు ఎవరు అడిగితే వారికి గుర్రాన్ని అమ్మేసిన సంఘటనలు ఉన్నాయి. అది ఎవరి చేతికి వెళ్ళిందో, అక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో తరువాత తెలుసుకునే దారి ఉండదు. వీలునామాలో గుర్రం ఎవరికి చెందాలో, దాని పోషణకు ఎంత సొమ్ము కేటాయించారో రాయాలి, ఆ వ్యక్తిని ముందుగా అడిగి ఒప్పించాలి. వీలునామా మరణం తరువాతే పనికి వస్తుంది కనుక, మనం జీవించి ఉండి లేవలేని స్థితిలో ఉన్నప్పుడు పశువైద్యుడికి అనుమతి ఇవ్వగలిగే మనిషికి విడిగా రాతపూర్వకమైన అధికారం ఇవ్వాలి. ఖరీదైన కడుపుశూల శస్త్రచికిత్సకు ఒప్పుకోవాలా, బాధ లేకుండా సాగనంపాలా అన్నది కూడా అందులో ఉండాలి, ఎందుకంటే ఆ నిర్ణయం రాత్రివేళ గంటల వ్యవధిలో తీసుకోవలసి వస్తుంది. గుర్రం రోజూ తినేది ఏమిటి, ఏ మందులు ఎంత మోతాదులో ఇవ్వాలి, నాడాలు వేసేవారి నంబరు, అది ఏ వైపు నుంచి హాల్టర్ వేస్తే బెదరదు అన్న వివరాలు పెద్ద అక్షరాలతో రాసి లాయం తలుపు లోపలి వైపు అంటించండి. ఆ కాగితాన్ని గుర్రం తెలియని పొరుగు మనిషికి ఒకసారి ఇచ్చి, దాన్ని చూసి ఒక పూట పని చేయగలుగుతున్నారో లేదో మీరు అక్కడ ఉండగానే చూడండి.